కేజ్ తీసేయడం ఆఖరి పని

గుడ్ల కోళ్లను (లేయర్లను) పెంచే షెడ్డులోకి టేపు పట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. అనపర్తి, తణుకు వైపైనా, షాద్‌నగర్ వైపైనా మామూలుగా కనిపించే కేజ్ అర 15 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు ఉంటుంది. అందులో మూడు కోళ్లు. అంటే తలా 60 చదరపు అంగుళాలు, సుమారు 387 చదరపు సెంటీమీటర్లు. 18 అంగుళాలకు 15 అంగుళాల అరలో నాలుగు కోళ్లు వేస్తే తలా 435 వస్తుంది.

1989లో బ్రిటన్‌లో పరిశోధకులు గోధుమరంగు లేయర్ పెట్టలను పైనుంచి ఫొటోలు తీసి కొలిచారు. ఊరికే నిలబడటానికే సగటున 475 చదరపు సెంటీమీటర్లు పట్టింది. రెక్క చాచడానికి 893, వెనక్కి తిరగడానికి 1,272, రెక్కలు టపటపలాడించడానికి 1,876. మన తెల్ల లేయర్ ఇంతకన్నా కాస్త చిన్నదే, కానీ సగానికి సగం చిన్నది కాదు. జంతువును ఉంచే బోనులో అది కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు ఉండాలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది. లా కమిషన్ 2017లో తన 269వ నివేదికను పూర్తిగా కోళ్ల పెంపకం, రవాణా మీదే ఇచ్చింది. 2019లో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు అని రాసింది. అంకెలకు కొదవ లేదు. షెడ్డుల్లో కొలిచే నాథుడే లేడు.

కేజ్ ఉండాలా వద్దా అన్న వాదన దగ్గరే మనం ఏళ్ల తరబడి ఆగిపోయాం. ఈలోపు చేయగలిగిన పని ఒకటుంది: అరకు ఒక కోడిని తగ్గించడం. నాలుగు ఉన్న అరలో మూడు, మూడు ఉన్న అరలో రెండు ఉంచితే రెండు చోట్లా తలా 580 వస్తుంది. కొత్త ఇనుము అక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు. అయితే మొదటి రైతుకు పావు వంతు, రెండో రైతుకు మూడో వంతు కోళ్లు తగ్గుతాయి. ఎండాకాలం చావులు, పగుళ్ల గుడ్లు తగ్గి కొంత తిరిగి రావచ్చు. మొత్తం తిరిగొస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మకపోవడం మంచిది.

ఆ తిరిగొచ్చే కొంత కూడా ఎండ దగ్గరే. కోడికి చెమట గ్రంథులు లేవు. వేడి పెరిగితే నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలను ఒంటి నుంచి ఎడంగా దించి చంకల కిందికి గాలి పోనిస్తుంది. 387 చదరపు సెంటీమీటర్ల చోటులో ఆ రెక్క దించడానికి సందు ఉండదు, పక్కనున్న రెండు కోళ్ల ఒంటి వేడీ తోడవుతుంది. రొప్పే కొద్దీ రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, పెంకుకు కావలసిన కార్బనేట్ తగ్గుతుంది. మే నెలలో పెంకు పలచబడటానికి అసలు కారణం ఇది. దాణాలో గుల్లపొడి పెంచినంత మాత్రాన సరికాదు. మధ్యాహ్నం మేత ఆపి, ఎక్కువ భాగం తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయాలి. ఎండలో ఉన్న నల్ల ట్యాంకు నీళ్లు పైపులో ఇంకా కాగితే కోడి తాగడం మానేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఒకసారి లైను చివర తెరిచి వేడినీళ్లు వదిలేస్తే తేడా ఆ పూటే తెలుస్తుంది. నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్ల విషయంలో ప్రాంతం చూడాలి. మహబూబ్‌నగర్ పొడి ఎండకు పనిచేసే ఫాగర్, గోదావరి జిల్లాల ఉక్కపోతలో కోడిని మరింత ఉడికిస్తుంది. గాలిలో తేమ 70 శాతం దాటితే ఫాగర్ ఆపి ఫ్యాన్లే నడపాలి. తూర్పు పడమరల పొడవు, 30 అడుగులకు మించని వెడల్పు, రేకుల మీద సున్నం లేదా వరిగడ్డి అందరికీ తెలిసినవే.

ఇక కేజ్ లేని షెడ్డు. దిశగా అదే సరైనదని మా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ 1999లో ఆదేశం ఇచ్చి, 2012 జనవరి 1 నుంచి పెర్చ్ (ఎక్కి కూర్చునే కర్ర), గుడ్ల పెట్టె లేని ఉత్త తీగ కేజ్‌లను నిషేధించింది. అంటే రైతుకు పన్నెండేళ్లకు పైగా గడువిచ్చింది. మన దగ్గర ఎవరైనా ఉత్సాహంగా ఇనుము పీకేసి, పదహారు వారాలు కేజ్‌లో పెరిగిన పుల్లెట్లను (ఇంకా గుడ్డు పెట్టని పడుచు పెట్టలను) నేల మీద వదిలితే జరిగేది వేరు. వాటికి గెంతడం రాదు. రాత్రి పెర్చ్ ఎక్కవు, గుడ్ల పెట్టె దేనికో తెలియదు. మూలల్లో గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు మురికి పడతాయి, కొన్నిటిని అవే పొడుచుకు తింటాయి. యజమాని మూడు నెలల్లో విసిగి మళ్లీ కేజ్‌లు కొంటాడు. లోపం నేల మీద పెంచడంలో లేదు, పిల్లలను పెంచిన తీరులో ఉంది.

రెండు, మూడు వారాల వయసుకే అడుగులోపు ఎత్తులో కర్రలు పెట్టాలి, తర్వాత ఎత్తు పెంచుతూ పోవాలి. పెద్దయ్యాక కోడికి 15 సెంటీమీటర్ల పెర్చ్ కావాలి, ఎక్కడానికి ఏటవాలు పలక ఉండాలి. ఆ పలక లేకపోతే పైనుంచి దూకి రొమ్ము ఎముక విరగ్గొట్టుకుంటాయి. కేజ్‌లో కదలిక లేక ఎముకలు డొల్లవుతాయి, బయట గట్టిపడతాయి కానీ పడి విరుగుతాయి. రెండో దాన్ని షెడ్డు అమరికతో తగ్గించవచ్చు. ఏడు కోళ్లకు ఒక గుడ్ల పెట్టె, మొదటి గుడ్డుకు ముందే, పదహారో వారానికల్లా తెరిచి ఉంచాలి. లోపల చీకటిగా ఉండాలి, కానీ గాలి ఆడాలి. రేకుకు ఆనించి పెట్టిన పెట్టె ఏప్రిల్‌లో పొయ్యిలా కాగుతుంది, కోడి అందులోకి వెళ్లదు. సాయంత్రం దీపాలు ఒక్కసారిగా ఆర్పకూడదు, పదిహేను ఇరవై నిమిషాల్లో మెల్లగా తగ్గించాలి. కరెంటు ఠక్కున పోతే కోళ్లు నేల మీదే ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. ఇన్వర్టర్ మీద నాలుగు చిన్న బల్బులు పెట్టడం చవకైన పని.

లిట్టర్ (నేల మీద పరిచే ఊక) దగ్గరే చాలామంది ఓడిపోతారు. ఊక మూడు నాలుగు అంగుళాలు పరిచి వారానికి రెండుసార్లు తిరగేయాలి. గుప్పెడు తీసుకుని పిడికిలి బిగించి వదిలితే పొడిపొడిగా విడిపోవాలి. ముద్దగా నిలిచిందంటే తడి ఎక్కువైంది. ఆ తడి చాలావరకు వాన వల్ల కాదు, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ ఎత్తు తక్కువ కావడం వల్ల. కోడి మెడ చాచి పైకి చూస్తూ తాగేంత ఎత్తున నిపుల్ ఉండాలి. అమ్మోనియా పరీక్షకు యంత్రం లేకపోతే కోడి ఎత్తుకు కూర్చుని గాలి పీల్చాలి. నిలబడిన మనిషికి తగలని ఘాటు అక్కడ తగులుతుంది. కళ్లు మండాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. తడి లిట్టర్ ఉన్నచోట పేగులకు వచ్చే కాక్సిడియోసిస్ జబ్బు తప్పదు. దానికి పిల్లప్పుడే టీకా వేసి, అలవాటుగా దాణాలో కాక్సీ మందు కూడా కలిపితే ఆ మందు టీకాలోని జీవులనే చంపేస్తుంది, రెండు ఖర్చులూ వృథా.

ముక్కు కత్తిరింపు మాట కూడా చెప్పుకోవాలి. ఏడు నుంచి పది రోజుల వయసులో ఒకసారి, మూడో వంతుకు మించకుండా కోస్తే గాయం త్వరగా మానుతుంది. పన్నెండో వారంలో వేడి బ్లేడుతో రెండోసారి కోస్తే నరాల కొసలు ముడిపడి నొప్పి చాలాకాలం ఉంటుంది. పొడుచుకోవడం ఆపడానికి మొదట వెలుతురు తగ్గించాలి, దాణాలో ఉప్పు, మెథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం) సరిచూడాలి, గెలుక్కోవడానికి పొడి లిట్టర్ ఇవ్వాలి. బ్లేడు ఆ తర్వాత.

ఆరుబయట తిప్పే పద్ధతిని మాత్రం గోదావరి జిల్లాల వాణిజ్య ఫారాలకు సిఫార్సు చేయలేం. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు ప్రాంతాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. చెరువులు, వలస పక్షులు ఇంత దగ్గరగా ఉన్నచోట వల బిగించిన షెడ్డులోపల నేల మీద పెంచడమే మధ్యేమార్గం. పెరట్లో పది వనరాజా, గ్రామప్రియ రకం పెరటి కోళ్లు పెంచుకునేవాళ్ల సంగతి వేరు.

ఖర్చు ఎవరు భరించాలి? నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, NECC) రేటు గుడ్డును గుడ్డుగానే చూస్తుంది, ఏ కోడి ఎంత చోటులో పెట్టిందో చూడదు. కొనేవాళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వాలే పెద్దవి: బడి భోజనం, అంగన్‌వాడీలు. ఆంధ్రప్రదేశ్‌లో బడి గుడ్లు పక్కదారి పట్టకుండా రంగు ముద్ర వేసే పద్ధతి వచ్చింది. యూరప్‌లో గుడ్డు మీద కోడ్‌లో మొదటి అంకెను బట్టి అది కేజ్‌దో (3), షెడ్డు నేల మీదిదో (2), ఆరుబయటదో (1) తెలుస్తుంది. మన టెండరులో ఇంకో గడి చేర్చి, తలా 550 చదరపు సెంటీమీటర్లు ఇస్తున్న ఫారాల గుడ్డుకు కొన్ని పైసలు ఎక్కువ కట్టి, తనిఖీ స్థానిక పశువైద్యాధికారికి అప్పగించవచ్చు. ఆయనకు కావలసింది ఒక టేపు, బ్యాచ్ రిజిస్టరు. మొదటి ఏడాది కొనుగోలులో పదో వంతుకు ఈ నిబంధన పెట్టినా, అరకు ఒక కోడి తగ్గించిన రైతుకు ఆ పైసలు ఎంతవరకు సరిపోతున్నాయో లెక్క తేలుతుంది.