సవరణ: జాన్ వుడెన్ పది టైటిళ్లు వరసగా వచ్చినవి కావు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ గురించి మొన్న రాసిన పోస్టులో, యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) జట్టుకు ఆయన 'వరసగా పది' ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిళ్లు తెచ్చారని రాశాను. తప్పు. టైటిళ్లు పదే, కానీ 12 ఏళ్లలో: 1964, 1965, ఆపైన 1967 నుంచి 1973 దాకా వరసగా ఏడు, చివరిది 1975లో. మధ్యలో 1966 టైటిల్ టెక్సస్ వెస్టర్న్ కాలేజీకి పోయింది. 1974లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ జట్టు సెమీస్‌లోనే యూసీఎల్ఏను ఓడించింది, అదీ స్కోరు సమమై రెండు ఓవర్‌టైమ్‌లు (అదనపు సమయాలు) ఆడాక.

ఇంకో పొరపాటు దీనికన్నా పెద్దది. 'వచ్చీరాగానే గెలిపించారు' అన్నాను. ఆయన యూసీఎల్ఏలో చేరింది 1948లో, మొదటి టైటిల్ 1964లో, అంటే పదహారో సీజన్‌లో! ఇప్పుడైతే ఏ కాలేజీ అన్నాళ్లు ఆగుతుంది?

ఆ పోస్టులో రాసిన సాక్సుల సంగతి మాత్రం నిజమే. సీజన్ మొదట్లో ఆటగాళ్లను కూర్చోబెట్టి సాక్సులు ఎలా వేసుకోవాలో నేర్పేవారు. మడమ దగ్గర, వేళ్ల దగ్గర ముడత లేకుండా చేత్తో సాఫు చేసి, ఆ తర్వాతే షూ లేసులు బిగించాలి. ముడత ఉంటే బొబ్బలు లేస్తాయి, బొబ్బలు లేస్తే ప్రాక్టీస్ పోతుంది. హైస్కూల్లో పేరు మోసి వచ్చిన కుర్రాళ్లు కూడా ఈ పాఠం వినాల్సిందే.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చేశాను.