గోతో దీవుల చర్చిలను కట్టింది ఎవరు?

కొన్ని నెలలుగా ఒకే సందేశం వేర్వేరు మిత్రుల నుంచి నాకు పదే పదే వస్తోంది. నాగసాకి తీరానికి పడమటగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న గోతో దీవుల చర్చిల గురించిన సందేశం అది. జపాన్ పాలకులు రక్తపు చుక్క చిందకుండా క్రైస్తవాన్ని దేశం నుంచి సాగనంపారనీ, ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు అక్కడ ఒక్క క్రైస్తవుడూ లేడనీ, నేడు కనిపించే చర్చిలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాశ్చాత్యుల డబ్బుతో, పాశ్చాత్య ఇంజనీర్లతో లేచినవనీ, వాటి కోసం స్థానిక ఆలయాలను కూల్చారనీ, ఇప్పుడవి భక్తులు లేని ఖాళీ కట్టడాలు కాబట్టి ఎవరైనా ఎప్పుడైనా వెళ్లి ఫొటోలు తీసుకోవచ్చనీ దాని సారాంశం. పంపినవారిలో జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువారు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇది రాస్తున్నాను.

దానికి జతచేసిన ఫొటో సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: సముద్రపు నీటిలో నిలిచిన ఆ ఎర్రటి ద్వారం హిరోషిమా సమీపంలో, జపాన్ స్వదేశీ మతమైన షింతోకు చెందిన ఇత్సుకుషిమా మందిరానిది, గోతో దీవులది కాదు.

చర్చిలు యుద్ధం తర్వాతివన్న మాట నిలవడానికి కొన్ని తేదీలైనా కలిసిరావాలి. ఫుకుఎ దీవిలోని దోజాకి వద్ద 1880లోనే కొయ్య చర్చి వెలిసింది, ఇప్పుడున్న ఇటుక కట్టడం 1908 నాటిది. నోజాకి దీవిలోని నోకుబి చర్చి కూడా 1908దే. నారు దీవిలోని ఎగామి చర్చి 1918లో, కాషిరగాషిమా రాతి చర్చి 1919లో పూర్తయ్యాయి. నోకుబి, ఎగామి, కాషిరగాషిమా చర్చిలు మూడింటినీ కట్టిన తెత్సుకావా యోసుకె గోతోలోనే పుట్టిన వడ్రంగి మేస్త్రీ, పైగా జీవితాంతం బౌద్ధుడిగానే ఉన్నవాడు. ఫ్రెంచి మతగురువుల దగ్గర కమానుల కప్పు కట్టే పద్ధతిని అతడు నేర్చుకున్న మాట నిజమే. అయితే ఎగామిలో నేల చెమ్మ తగలకుండా అడుగు భాగాన్ని ఎత్తి కట్టడమూ, సముద్రపు గాలిని తట్టుకొనేలా కొయ్యను అమర్చడమూ ఏ విదేశీ పటం చూసి చేసినవి కావు. రంగు అద్దాలు కొనే స్తోమత లేక అక్కడ మామూలు గాజు మీద పువ్వులను చేత్తో చిత్రించారు, స్తంభాల మీద కొయ్య చారలను కూడా చేత్తోనే దిద్దారు. ఆ చర్చికి డబ్బు వచ్చింది చిన్న చేపలు పట్టి అమ్ముకొనే నలభై పైచిలుకు కుటుంబాల నుంచి. నోకుబిలో పదిహేడు కుటుంబాలు తిండి తగ్గించుకొని కూడబెట్టాయి. కాషిరగాషిమా చర్చికి పక్క దీవి నుంచి రాతిని తెచ్చి, చెక్కి, పేర్చడానికి దాదాపు పదేళ్లు పట్టింది. పాశ్చాత్యుల డబ్బు ధారాళంగా వచ్చి ఉంటే ఒక చిన్న చర్చికి పదేళ్లు ఎందుకు పడుతుంది?

ఆలయాలను కూల్చారన్న ఆరోపణ దగ్గర ఒక నిజాన్ని నేను ఒప్పుకోవాలి, నా వైపు వాదించేవారు సాధారణంగా దాన్ని దాటవేస్తారు. నాగసాకి ప్రాంతాన్ని ఏలిన ఒమురా సుమితాద 1563లో బాప్తిస్మం పుచ్చుకొన్నాడు. 1574లో అతని సంస్థానంలో బౌద్ధాలయాలనూ షింతో మందిరాలనూ తగలబెట్టారు. అదే కాలంలో పోర్చుగీసు వర్తకులు జపానీయులను బానిసలుగా కొని తీసుకుపోయారు కూడా. విదేశీ మతం వెనుక విదేశీ అధికారం వస్తుందన్న పాలకుల భయం గాలిలోంచి పుట్టినది కాదు. కానీ గోతో దీవుల చర్చిలు లేచింది అప్పటికి మూడు వందల ఏళ్ల తర్వాత, వాటి కథ వేరు. నోజాకి క్రైస్తవులు తమ విశ్వాసాన్ని దాచుకోవడానికి ఆ దీవిలోని ఒకినోకోజిమా షింతో మందిరపు భక్తులుగా నమోదయ్యారు, ఆ మందిరం నేటికీ కొండ మీద ఉంది. కాషిరగాషిమాలో స్థిరపడిన క్రైస్తవులు ఒక బౌద్ధ పెద్ద నాయకత్వం చాటున బతికారు. ఫుకుఎ దీవిలోని మ్యోజోఇన్ బౌద్ధాలయం తన చిత్రాల పైకప్పుతో సహా నిలిచే ఉంది.

ఒక్క క్రైస్తవుడూ లేడన్న మాటకు జవాబు ఈ దీవుల జనాభాలోనే ఉంది. 1797లో గోతో, ఒమురా సంస్థానాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం బీడు భూములను సాగుచేయడానికి వలస వచ్చిన రైతులు దాదాపు మూడు వేల మంది. వారిలో అత్యధికులు రహస్య క్రైస్తవులే. మతగురువు ఒక్కడూ మిగలకపోయినా, ఊరి పెద్దలే పిల్లలకు బాప్తిస్మం ఇస్తూ, బౌద్ధుల కరుణా దేవత కన్నన్ విగ్రహాన్ని మరియగా కొలుస్తూ ఏడు తరాలు గడిపారు. 1865 మార్చి 17న నాగసాకిలోని ఓఉరా చర్చికి వచ్చి ఫ్రెంచి మతగురువు పెతిజాఁ ఎదుట తమ విశ్వాసాన్ని బయటపెట్టిన ఉరాకామి గ్రామస్థులు కూడా ఇలాంటివారే.

ఇక రక్తపు చుక్క సంగతి. మిగతావన్నీ అజ్ఞానమని సరిపెట్టుకోవచ్చు గానీ ఇది చచ్చినవారి మీద చెప్పిన అబద్ధం. పైగా ఆ సందేశపు చివరి వాక్యం "మనమూ ఇలా శాంతియుతంగా నేర్చుకోవాలి" అని ముగుస్తుంది కాబట్టి దీన్ని వదిలిపెట్టడం తప్పు. 1597లో నాగసాకిలోని నిషిజాకా కొండ మీద ఇరవై ఆరు మందిని శిలువ వేశారు. వారిలో గోతోకు చెందిన యోహాను వయసు పంతొమ్మిదేళ్లు, అందరిలోకీ చిన్నవాడికి పన్నెండేళ్లు. 1614లో దేశమంతటా నిషేధం వచ్చాక ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయంలో నమోదు కావలసి వచ్చింది. నాగసాకిలో ఏటా జనాన్ని వరుసగా నిలబెట్టి క్రీస్తు, మరియల ప్రతిమలను కాలితో తొక్కించారు, తొక్కనివారిని పట్టుకుపోయారు. ఇదంతా పాత కాలపు క్రౌర్యమని అనుకొనేవారు 1868లో హిసాకా దీవిలో జరిగింది తెలుసుకోవాలి. షోగన్ల పాలన పోయి మెయిజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చిన ఆ ఏడాదే పసిపిల్లలూ ముసలివారూ సహా దాదాపు రెండు వందల మందిని సుమారు ఇరవై చదరపు మీటర్ల ఇంట్లోకి తోసి ఎనిమిది నెలలు బంధించారు. పూటకొక చిలగడదుంప ముక్క పెట్టారు. కూర్చునే చోటు లేదు, మలమూత్రాలకు వేరే చోటు లేదు. నలభై రెండు మంది చనిపోయారు. ఆ సందేశం రాసిన పెద్దమనిషి తన పడకగదిని కొలుచుకొని, అందులో రెండు వందల మంది ఎలా నిలబడగలరో లెక్క వేసుకొని, ఆ తర్వాత "సాగనంపారు" అన్న మాటను మళ్లీ రాయగలడేమో చూడాలి. ఉరాకామి గ్రామం నుంచి సుమారు 3,400 మందిని దేశంలోని వేర్వేరు చోట్లకు బహిష్కరిస్తే 600 మందికి పైగా తిరిగి రాలేదు. క్రైస్తవం నిషిద్ధమని చాటుతూ బహిరంగంగా పెట్టిన పలకలను తొలగించింది 1873లో. ఇన్ని చావుల తర్వాత కూడా ఆ మతం ఈ దీవుల్లో మిగిలే ఉంది కాబట్టి, నిషేధం ఫలించిందని చెప్పడానికి కూడా గోతో పనికిరాదు.

ఖాళీ కట్టడాలన్న మాటలో సగం నిజం ఉంది, ఆ సగం నాకూ బాధ కలిగిస్తుంది. పని వెతుక్కుంటూ యువకులు వెళ్లిపోవడంతో దీవుల జనాభా తగ్గింది. నోకుబి ఊరు 1971 నాటికే ఖాళీ అయింది, ఇప్పుడు ఆ చర్చి చుట్టూ జింకలు తిరుగుతాయి. అయినా గోతోలో మిగిలిన సుమారు యాభై చర్చిలలో చాలావాటిలో ఇప్పటికీ ప్రార్థన జరుగుతుంది, ఊరివారే వంతులవారీగా ఊడ్చి, పూలు పెడతారు. 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన నాగసాకి, అమాకుసా ప్రాంతాల పన్నెండు స్థలాలలో ఓఉరా చర్చి తప్ప మిగతావి విడి చర్చిలు కావు. మొదట చర్చిలను ముందుంచి తయారుచేసిన ప్రతిపాదనను జపాన్ 2016లో వెనక్కి తీసుకొని, నిషేధ కాలంలో జనం బతికిన తీరు చుట్టూ మళ్లీ రాసింది. అందుకే ఆ పన్నెండు స్థలాలలో గ్రామాలూ, పొలాలూ, షింతో మందిరపు కొండా ఉన్నాయి.

వెళ్లదలచినవారు అక్కడి చర్చి సమాచార కేంద్రానికి ముందుగా తెలియజేయాలి, ముఖ్యంగా ఎగామి, కాషిరగాషిమా చర్చిల విషయంలో ఇది తప్పనిసరి. లోపల ఫొటోలు తీయకూడదు, బలిపీఠం వైపు అడుగు పెట్టకూడదు, ప్రార్థన లేదా అంత్యక్రియలు జరుగుతుంటే బయటే ఆగాలి.