చరవాణికి విగ్రహవాక్యం

మన పత్రికల్లో ఒక వస్తువు ఉంది. దొంగలు కొట్టేసేది దాన్నే, పోలీసులు స్వాధీనం చేసుకునేది దాన్నే. దాని పేరు చరవాణి. పేపరు మడిచి పక్కన పెట్టగానే ఆ వస్తువు ఊళ్లో ఎక్కడా కనబడదు.

భాషాభిమానం పొంగి మొన్న రిపేరు షాపులో, "బాబూ, నా చరవాణి తెర పగిలింది" అన్నాను. కుర్రాడు తలెత్తకుండానే, "ఆ కంపెనీ డిస్‌ప్లేలు మా దగ్గర దొరకవు సార్" అన్నాడు. జేబులోంచి తీసి చూపిస్తే, "సెల్లా! అలా చెప్పండి తెలుగులో" అన్నాడు.

సెల్లు మాత్రం దాని పేరా? ఊరంతటినీ చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి గడికో టవరు పెడతారు. ఆ గడి సెల్లు. గడి పేరు తెచ్చి డబ్బాకి పెట్టేశాం. ఊరి పేరు మనిషికి తగిలించడం మనకి కొత్తేం కాదులెండి, సగం ఇంటిపేర్లు అలా వచ్చినవే.

సరే, చరవాణి. చరించే వాణి, విశేషణ పూర్వపద కర్మధారయం. 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తాలో కూర్చుని ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో దేశంలో తొలి మొబైల్ కాల్ మాట్లాడినప్పుడు ఈ సమాసానికి ఢోకా లేదు. అప్పట్లో మనకొచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టేవాళ్లం. వాణికి విలువుండేది. ఇప్పుడు ఎంత మాట్లాడినా అదనంగా పైసా పడదు, అందుకే ఎవరూ మాట్లాడరు. చెప్పాపెట్టకుండా ఫోనొస్తే ఎవరికేమైందోనని టెన్షన్. అంతకుముందు "ఫోన్ చేయొచ్చా?" అని మెసేజ్ పెట్టడం మర్యాద.

వాణి పోయింది. చరమైనా మిగిలిందా అంటే, బ్యాటరీ ముసలిదై, సాయంత్రమయ్యేసరికి మా ఇంట్లో అది ప్లగ్గు దగ్గర గుంజకి కట్టేసిన గేదెలా పడుంటుంది. మూరెడు వైరు. దాని చుట్టూ చరించేది నేను.

కాబట్టి ఈ పేరు తక్షణం రద్దు చేయాలని రాయబోతూ, న్యాయంగా ఉంటుందని నిఘంటువు తిరగేశాను. చరుడు అంటే వేగులవాడట! తప్పు నాది. అది కర్మధారయం కానే కాదు, షష్ఠీ తత్పురుషం. చరుని యొక్క వాణి.

ఉదాహరణ కూడా ఆ రోజే దొరికింది. నాకు షుగరు. పొద్దున్నే పార్కులో వాకింగని చెప్పి వెళ్లి, నెయ్యి కారం దోసె తిని, మూతి తుడుచుకుని ఇంటికొచ్చాను. ఫోను బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లానో లేదో, టింగుమంది. బయటినుంచి మా ఆవిడ గొంతు.

"ఏవండీ, మీరు వెళ్లిన టిఫిన్ సెంటర్ ఎలా ఉందో రేటింగ్ ఇవ్వమంటోంది. ఎన్ని చుక్కలు చూపించమంటారు?"