గట్టు మీద కంది కూడా మీదేనా?

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కూడా లేచిపోయాను. ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే ఇవాళ నిద్ర పట్టదు.

మేం కౌలుకి చేస్తున్న పొలం ఆసామి కుటుంబంతో కలిసి హైదరాబాద్ నుంచి వచ్చాడు. సంక్రాంతికి కుదరలేదని ఈ ఆదివారం పెట్టుకున్నారట. రెండు కార్లు గట్టు దాకా వచ్చి ఆగాయి. నేనూ మా ఆవిడా మినుములో బంగారు తీగ పీకుతున్నాం. మాగాణి మినుముకి ఆ తీగ ఎంత శనిదో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఒక్క మూల వదిలేస్తే చేనంతా చుట్టేస్తుంది. చేతులు కడుక్కుని వెళ్లేసరికి పిల్లలూ పెద్దలూ అందరూ కంది చెట్ల మీద పడి ఉన్నారు.

ఆ కంది మేము పొలంలో వేసింది కాదు. గట్టు మీద వేసుకున్నది. జూన్‌లో మొదటి వానకి మా ఆవిడ వంగి ఒక్కొక్క గింజా పెట్టింది. ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేకపోతే బోదెలోంచి బిందెతో నీళ్లు మోసి పోసింది. మా ఇంట్లో ఏడాదికి సరిపడా పప్పు ఆ గట్టు మీద నుంచే వస్తుంది. ఇంకో మూడు వారాలుంటే కాయ ఎండి కోతకొచ్చేది. వాళ్లు పచ్చికాయలు కొమ్మలతో సహా విరిచి సంచులకెత్తుకున్నారు. మా ఆవిడ చాలా మెల్లగానే అంది, "పప్పుకి ఉంచుకున్నాం అమ్మగారూ" అని. దానికి ఆ అమ్మగారన్న మాట ఇది: "మా పొలంలో కాయలు మేం కోసుకోకూడదా?"

అడిగి ఉంటే మేమే కోసి బుట్టకెత్తి కార్లో పెట్టేవాళ్లం. ఇంటికొచ్చిన పిల్లలకి ఉడకబెట్టి కూడా ఇచ్చేవాళ్లం. కందికాయల దగ్గర లెక్కచూసే మనుషులం కాదు. కానీ ఆ మాటేంటి? భూమి మీదే, కాదన్నదెవరు? ఆ కొమ్మకి నీళ్లు పోసిన చెయ్యి ఎవరిది? ఎదురుగా నిలబడి ఉంది కదా ఆ మనిషి, బురద చేతులతో!

సరే, దిగమింగుకున్నాను. ఎందుకంటే నాకు ఆయనతో పనుంది. చొక్కా జేబులో కౌలు కార్డు కాగితం మడిచి పెట్టుకుని ఉన్నాను, పెన్నుతో సహా. ఈ చేను చేసేది నేనని గుర్తించే కార్డు అది, ఆసామి సంతకం ఉంటేనే ఇస్తారు. నాలుగేళ్లుగా అడుగుతున్నాను. ఇవాళైనా సంతకం పెట్టకపోతాడా అని తీసి చూపించాను. ఆయన కాగితం చేత్తో ముట్టుకోలేదు. "ఆ సంగతి తర్వాత చూద్దాంలే గానీ, వచ్చే ఏడాది ఇరవై నాలుగు చేసుకో. లేదంటే అడిగేవాళ్లున్నారు. ఉగాది లోపు చెప్పు" అన్నాడు.

ఇరవై నాలుగు బస్తాలు! ఇప్పటిదాకా కౌలు ఎకరాకి ఇరవై. మాది బాపట్ల వైపు, కొమ్మమూరు కాలువ కింద చివరి భూమి. జులైలో నీళ్లొస్తే అదృష్టం. అక్టోబరులో వానలు ముంచుకొస్తే నల్లమడ వాగు వచ్చి చేలో పడుకుంటుంది. ఈ ఏడు మొంథా తుపాను వచ్చింది 2025 అక్టోబరు 28న. పంట ఈనిక మీద ఉండగా నీళ్లలో నిలబడి ఎంతోటి పైరు తాలైపోయిందో మా చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు. నాకు దిగుబడి ఎకరాకి ఇరవై ఏడు బస్తాలు. ఇరవై కొలిచేశాను. మిగిలినవి ఏడు. గ్రేడ్ ఏ ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటా 2,389 రూపాయలు, అంటే డెబ్భై ఐదు కిలోల బస్తా 1,792. ఏడు బస్తాలకి పన్నెండున్నర వేలు. దున్నకం, విత్తనం, ఎరువు కట్టలు, మందులు, కలుపు, కోత, కుప్ప, నూర్పిడి కలిపి ఎకరాకి ముప్ఫై వేలు దాటింది. వచ్చే ఏడాది కూడా ఇదే దిగుబడి వస్తే, ఆయన చెప్పిన లెక్కన నాకు మిగిలేది మూడు బస్తాలు. మూడు! అది కూడా మా ఇంట్లో నలుగురం తిండికి ఉంచుకుంటే అమ్మకానికి గింజ ఉండదు.

మరి ఎందుకు చేస్తావు, వదిలెయ్యి అంటారు. ఈ మాట అనే వాళ్లని చూస్తే నాకు ఇంకా మంట. మినుము మీద ఆశతో చేస్తాం. వరి కౌలుకి పోతుంది, మినుము మనకి మిగులుతుంది, డెల్టాలో ఎప్పటినుంచో ఇదే లెక్క. పల్లాకు తెగులు రాకపోతే ఆ మినుమే పిల్లల ఫీజులు కడుతుంది. వస్తే అప్పు. అంతే. పైగా మా నాన్న చేసిన చేను అది. ఏ మూల చవుడుందో, ఏ మడిలో నీళ్లు నిలుస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలను. వదిలేసి ఎక్కడికి పోను?

సంతకం సంగతికి వస్తాను. ఈ కార్డు గురించి సిటీల్లో ఉన్న ఆసాములకి ఎవరు ఏం నూరిపోశారో గానీ, సంతకం పెడితే పొలం పోతుందని భయం. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం అది పదకొండు నెలల కాగితం. భూమి మీద యజమాని హక్కుకి ఏ ఇబ్బందీ ఉండదని అందులోనే రాసి ఉంది. పదకొండు నెలలు అయిపోయాక ఆ కాగితానికి విలువే లేదు. ఒక పంట నేను పండించానని, నేను ఫలానా అని, అంతవరకే అది చెబుతుంది. అది చెప్పడానికి కూడా మీ సంతకం కావాలి. అంతకుముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చినప్పుడు ఆసామి సంతకం అడగలేదు. ఊళ్లో అడిగి, విచారించి ఇచ్చేవాళ్లు. ఆ రోజుల్లో నాకూ కార్డు ఉండేది. దాన్ని తీసేసి, మా పేరు మా ఆసామి దయ మీద పెట్టారు. ఎవరు చేసిన పుణ్యమో గానీ, చేసినవాళ్లెవరూ కౌలు చేసినవాళ్లు కాదని మాత్రం నాకు బాగా తెలుసు.

ఇంకో నిజం కూడా చెబుతాను. సంతకం పెట్టనివాళ్లందరూ భయంతోనే ఆగడం లేదు. పాస్‌బుక్ మీద పంట రుణం వాళ్లే తెచ్చుకుంటారు. ఒకే సర్వే నంబరు మీద బ్యాంకు రెండుసార్లు ఇవ్వదు. నాకు కార్డు ఉంటే ఆ రుణం నేను అడుగుతానని వాళ్లకి తెలుసు. విత్తనం గింజ కూడా చల్లని మనిషికి తక్కువ వడ్డీకి పంట రుణం దొరుకుతుంది. అదే చేలో మోకాలి లోతు బురదలో దిగే నేను కమీషన్ కొట్టులో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాను. అది కూడా ధాన్యం వాళ్లకే అమ్మాలనే షరతు మీద. ఈ మాట నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ బయటికి అనలేదు. ఇవాళ అంటున్నాను.

నాకు అసలు కడుపు రగిలేది కందికాయల దగ్గర కాదు, ఇరవై నాలుగు బస్తాల దగ్గరా కాదు. 2023 డిసెంబరు 5 దగ్గర.

మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి నా పంట కోసి పనల మీద ఉంది. ఇంకో నాలుగు రోజులు ఎండ కాస్తే కుప్ప వేసేవాళ్లం. మూడు రోజులు పనలు నీళ్లలో తేలాయి. నీళ్లు తీశాక వెన్ను పట్టి చూస్తే గింజ గింజకీ మొలక. మా ఆవిడా నేనూ నడుముల్లోతు నీళ్లలో పనలు ఎత్తి గట్టు మీదికి మోశాం. చేతివేళ్ల చర్మం ఊడొచ్చింది. అది ఎండబెట్టి నూర్చితే రంగు మారిన ధాన్యం. కొట్టువాడు సగం రేటు చెప్పాడు. వరి కోతకి ముందే చేలో చల్లిన మినుము కుళ్లిపోయింది, మళ్లీ విత్తనం కొని చల్లాను.

నష్టం రాసుకోవడానికి వచ్చారు. ఫొటో తీసుకున్నారు. ఫొటోలో మొలకెత్తిన వెన్ను పట్టుకుని నిలబడింది నేను. జాబితాలో పేరు ఆయనది, ఎందుకంటే నాకు కార్డు లేదు. డబ్బు ఆయన ఖాతాలో పడింది. పడిందని కూడా నాకు చెప్పలేదు. ఊళ్లో వేరే వాళ్ల ద్వారా తెలిసింది. ఫోన్ చేసి అడిగితే, "అది గవర్నమెంట్ పొలానికి ఇచ్చిందయ్యా, నీకు కాదు" అన్నాడు.

పొలానికా? మునిగింది పొలమా, పంటా? నీళ్లు దిగాక పొలం ఎక్కడిది అక్కడే ఉంది, ఒక్క సెంటు తగ్గలేదు. పోయింది నా కష్టం, నా అప్పు. అయినా ఆ ఏడు కౌలు ఒక్క బస్తా తగ్గించలేదు. రంగు మారిన ధాన్యం వద్దన్నాడు, డబ్బులే ఇమ్మన్నాడు. మా అమ్మాయి గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చాను. ఆ గొలుసు ఇంకా విడిపించలేదు. ఇది రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది.

వీళ్ల నాన్న ఇలాంటి మనిషి కాదు. ఆ పెద్దాయన గురించి చెప్పకపోతే పాపం. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా నాన్న కౌలు సంగతి ఎలా అడగాలో తెలియక వారం రోజులు వాళ్ల వాకిట్లోకి వెళ్లలేదట. పెద్దాయనే మా గుడిసె ఉన్న చోటికి వచ్చి, "ఈ ఏడు కౌలు మాట ఎత్తకు. ముందు విత్తనం సంగతి చూడు" అని రెండు బస్తాలు వడ్లు కూడా ఇచ్చాడని నాన్న పోయేదాకా చెప్పేవాడు. ఆ పెద్దాయన చేలోకి దిగేవాడు. వెన్ను తుంచి నోట్లో వేసుకుని పాలు పట్టిందో లేదో చెప్పేవాడు. ఆయన కొడుక్కి వాట్సాప్‌లో నేను పంపే ఫొటో తప్ప చేను తెలియదు. అందుకే మొలకెత్తిన ధాన్యం ఫొటో పంపినా నొప్పి తెలియలేదు.

మా కౌలు వాళ్ల బతుకు చూసి జాలిపడమని నేను ఎవర్నీ అడగటం లేదు. కౌలు తగ్గించమని కూడా అడగను, బేరం కుదిరితే చేస్తాను, లేకపోతే లేదు. పంట రాసుకునే చోట నా పేరు ఉండాలి. అంతే నేను అడిగేది. పంట పోతే పోయినవాడి ఖాతాలో పడాలి.

ఇది చదివేవాళ్లలో ఊళ్లో పొలం ఉండి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ పొలం కూడా ఎవరో ఒకరు చేస్తున్నారు. ఆయన మిమ్మల్ని ఈ కాగితం అడిగే ఉంటాడు, లేదా అడగడానికి భయపడి ఆగిపోయి ఉంటాడు. ఇవాళ రాత్రికి ఆయనకి ఫోన్ చేయండి. "కార్డు కాగితం తెచ్చావా" అని మీరే అడగండి. పెట్టే సంతకం ఒక్కటే, పదకొండు నెలలకి. మీ భూమి ఎక్కడికీ పోదు.

నా కాగితం ఇంకా జేబులోనే ఉంది, చెమటకి కాస్త తడిసింది. రేపు మా ఊరి సచివాలయానికి వెళ్లి కొత్తది తెచ్చుకుంటాను. ఉగాదికి ఆయన మళ్లీ ఫోన్ చేస్తాడు కదా, బస్తాల సంగతి మాట్లాడే ముందు దీని సంగతే అడుగుతాను. సంతకం లేకపోతే ఈసారి విత్తనం చల్లను.