ఆదరణ కూడిక ఫ్లెక్సీ గారికి వందనాలు

ఆరడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పు గల ఫ్లెక్సీ గారికి, ప్రభువు నామమున వందనాలు.

మా వీధి మొదట్లో రెండు సరుగుడు బాదులకి కట్టించుకుని దర్జాగా నిలబడ్డారు. పోయినాయన ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టిన ఈ ఆదరణ కూడికకి వచ్చినవాళ్ళు ముందు మిమ్మల్ని చూసి, ఆ తర్వాతే ఆయన ఇల్లెక్కడని అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం మీ పేర రాస్తున్నాను. పాస్టరు గారికి రాస్తే వచ్చే ఆదివారం ప్రసంగంలో నా ఊసు వస్తుంది. ఇంటివాళ్ళకి రాద్దామంటే మనిషిని పోగొట్టుకుని ఉన్నారు, ఇంకా కష్టపెట్టినట్టవుతుంది. మీరైతే గాలికి కాసేపు టపటపలాడి ఊరుకుంటారు.

కూడిక పదింటికని మీ మీదే వేశారు. ముఖ్య ప్రసంగీకులు రాజోలు వైపు ఇంకో కూడిక చూసుకుని, చించినాడ వంతెన దాటి రావాలట. ఆయన వచ్చేసరికి పన్నెండైంది. అందాకా షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఏం చేస్తాం, మిమ్మల్నే పైనుంచి కిందిదాకా చదివాను.

పైన నీలాకాశం, మబ్బులు. మబ్బుల్లోకి తెల్లటి మెట్లు. మెట్ల చివర బంగారు గేటు, రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. చెరో పక్కన ఒక్కో పావురం. నిజానికి అది ఒకటే పావురం, రెండోది దాన్నే అటు తిప్పి అతికించారు. మెట్ల మొదట్లో పోయినాయన. ఎవరిదో పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి మణికట్టు దాకా ఉండిపోయింది, గాజులతో సహా. ఆ కింద, మెట్లకీ నేలకీ మధ్య, బతికున్నవాళ్ళు: ఎమ్మెల్యే గారు, సర్పంచి గారు, ఓడిపోయిన సర్పంచి గారు, సొసైటీ ప్రెసిడెంటు గారు, నలుగురు పాస్టర్లు, ముగ్గురు బిషప్పులు. ఎమ్మెల్యే గారు నవ్వుతూ దణ్ణం పెడుతున్నారు. అది సంక్రాంతి శుభాకాంక్షల ఫొటోయే. సంక్రాంతికైనా సమాధికైనా ఆయన నవ్వు ఒక్కటే.

ఇంతమందిని పట్టించారు గదా, అసలాయన ఏరండీ? గేటు తీసుంది, లోపల మనిషి అలికిడి లేదు. అంత దూరం మెట్లెక్కి వెళ్ళినాయన ఎవర్ని కలవాలి?

దేవుడికి బొమ్మ వేయకూడదంటారు. ఒప్పుకుంటాను, పది ఆజ్ఞల్లో రెండోది నాకూ తెలుసు. బొమ్మ వద్దు, మాటైనా వేయొచ్చుగా? మీ ఒంటి మీద ఉన్న ఒక్కో బొమ్మా బైబిల్లోంచి తెచ్చుకున్నదే. తెచ్చుకునేటప్పుడు అన్నిచోట్లా ఆయన్ని మాత్రం జాగ్రత్తగా అక్కడే వదిలేసి వచ్చారు. మెట్లు యాకోబు కలలోవి. ఆదికాండము 28లో ఆ నిచ్చెనకి పైన యెహోవా నిలబడి ఉంటాడు. మీరు నిచ్చెన ఊడదీసి పట్టుకొచ్చారు. మబ్బులు పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలోవి, ఆ మబ్బుల మీద ప్రభువును ఎదుర్కొంటామని ఆయన రాశాడు. మీరు మబ్బులు చాలనుకున్నారు. ఇక గేటు. ప్రకటన గ్రంథం 21లో గుమ్మాలు పన్నెండు, ఒక్కో గుమ్మం ఒక్కో ముత్యం. బంగారం అక్కడ వీధికి వేశారు, తొక్కుకుంటూ నడవడానికి. మీరు కాళ్ళ కిందిది తీసి గేటుకి పూశారు. గేటు మూయకుండా ఉంచడం మాత్రం సరిగ్గా వేశారు, అది గ్రంథంలో ఉన్నదే.

పౌలు ఉత్తరం సంగతి ఇంకో మాట చెప్పాలి, మీ ఉద్యోగం దాంతోనే వచ్చింది కాబట్టి. క్రీ.శ. 50 ప్రాంతంలో ఆ ఊరి విశ్వాసులకి ఇదే దిగులు పట్టుకుంది: ప్రభువు రాకముందే మావాళ్ళు పోయారే, వాళ్ళ గతేంటని. దానికి పౌలు బంగారం ఊసెత్తలేదు, మేడల ఊసెత్తలేదు. ‘సదాకాలము ప్రభువుతో కూడ ఉందుము’ అని ఒక్కమాట రాసి, ఈ మాటలతో ఒకళ్ళనొకళ్ళు ఆదరించుకోండి అన్నాడు. ఆదరణ కూడిక పెట్టేది ఆ మాట చెప్పుకోవడానికే. మీ మీద కూడిక వివరాలు రెండు రంగుల్లో ఉన్నాయి. ‘ప్రేమవిందు కలదు’ అని కూడా ఉంది. పౌలు మాట మాత్రం ఎక్కడా లేదు.

మీదొక్కళ్ళదే తప్పంటే అన్యాయం. ప్రసంగీకులు వచ్చాక వారు మిమ్మల్ని మించిపోయారు. ‘భీమవరంలో సెంటు స్థలం కొనగలరా మీరు? అక్కడ మేడే ఇస్తున్నాడు, స్తోత్రం!’ అన్నారు. స్తోత్రం అన్నాం. రిజిస్ట్రేషన్ ఖర్చు లేదట, కార్నరు బిట్టు కోసం కొట్టుకోనక్కర్లేదట. నా పక్కన కూర్చున్న రైతుకి రెండెకరాల చేను చుట్టూ రొయ్యల చెరువులొచ్చి ఉప్పెక్కిపోయింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు, పాపం. ‘నా తండ్రి యింట అనేక నివాసములు కలవు’ అని ఆ ముక్క నాలుగుసార్లు చదివించారు. ఆ కింది వచనంలోనే, నేనుండే స్థలంలో మీరూ ఉండాలని తీసుకువెళ్తాను అంటాడు యేసు. అక్కడిదాకా రాకముందే మైకు ఇంకో పాస్టరు గారి చేతికి పోయింది. ఇల్లు ఎన్ని గదులో చెప్పారు గానీ ఇంట్లో ఎవరున్నారో చెప్పలేదు.

మన పెద్దలకి పరలోకం మీద కోరిక ఇలా ఉండేది కాదు. మోషే నీ మహిమ చూపించమని అడిగితే, నా ముఖం చూసి ఏ మనిషీ బతకడు అని జవాబొచ్చింది. దేవుడు ఆయన్ని బండసందులో నిలబెట్టి, చేత్తో కప్పి, వెనకవైపు చూపించి పంపేశాడు. అంత పెద్దవాడికే దొరకలేదది. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయానికి వచ్చేసరికి, ఆయన దాసులు ఆయన ముఖదర్శనం చేస్తారని ఒక చిన్న వాక్యం పడుతుంది. మోషే అడిగిన దానికి జవాబు అప్పటికి వచ్చిందన్నమాట. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడిన బౌడెన్, బీర్ మిషనరీల నుంచి ఈ డెల్టాలో ఆ సువార్త వినిపిస్తూనే ఉంది. అప్పుడు మీరు లేరు. చెక్కపెట్టె, పాట, పిడికెడు మట్టి.

మా పేటలో ఒక మామ్మ ఉంది. సముద్రపొడ్డు ఊరి నుంచి వచ్చి కూతురి దగ్గరుంటోంది. 1996 నవంబరు 6 తుపానప్పుడు ఆమె భర్త వేటకెళ్ళి ఉన్నాడు. మనిషీ రాలేదు, పడవ చెక్కా రాలేదు. ఆయనకి పెట్టె లేదు, సమాధి లేదు, మీబోటి వాళ్ళూ లేరు. ఏ ఆదరణ కూడికకెళ్ళినా మామ్మ వెనక వరసలో కూర్చుంటుంది, అయిపోయాక చదువొచ్చినవాళ్ళని పట్టుకుని ప్రకటన 20లో పదమూడో వచనం చదివించుకుంటుంది. సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగించిందని ఉంటుంది అందులో. అది తీర్పు గురించిన మాట, ఆదరణ కూడికల్లో ఎవరూ ముట్టుకోరు. ఆ రోజు నాకు పడింది చదవడం. ఇంకో పేజీ తిప్పి, కొత్త భూమి మీద సముద్రమే ఉండదట మామ్మా, నది మాత్రం ఉంటుందట అన్నాను. పత్మాసు ద్వీపంలో చుట్టూ నీళ్ళ మధ్య పరవాసంలో ఉండి ఆ గ్రంథం రాసిన యోహానుకి ఆ ముక్క ఎంత తీపో నాకు అప్పుడే తట్టింది. మామ్మకి నది గొడవ పట్టలేదు.

‘ఆడికెళ్ళాక ఆయన్నే అడుగుతానండి, ఇన్నాళ్ళూ మా మడిసిని ఎక్కడెట్టావయ్యా అని. మొకం మీదే అడుగుతాను. ఆయ్.’

యోబు కూడా ఇలాంటివాడే. ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చుని, మరెవరో కాదు, నా కన్నులే ఆయనను చూస్తాయి అన్నాడు. యోబు పట్టుకెళ్దామనుకున్నది స్తోత్రం కాదు, ఫిర్యాదు. మామ్మ ఫిర్యాదూ అంతే, దాన్ని తీసుకునేవాడు అక్కడ ఉన్నాడన్న నమ్మకం మీద దాచిపెట్టుకుంది. మేడ ఇస్తారంటే మామ్మ అడిగేది ఒక్కటే, ఆయన ఏ గదిలో ఉంటాడని. మీ గేటు దగ్గరికి ఈ మామ్మ వస్తే ఏం చెబుతారండీ? ఎమ్మెల్యే గార్ని కలవమంటారా?

మీ పునరుత్థానం సంగతీ నాకు తెలుసు. ప్రభువునందు నిద్రించినవాళ్ళు ఆయన రాకడ బూర కోసం ఆగాలి, మీకు ఆగే పని లేదు. కూడిక అయిన మూడో రోజుకల్లా లేస్తారు. దాళ్వా కోతల్లో మబ్బు పట్టిందంటే బరకం చాలక ధాన్యం రాశి మీదికి మిమ్మల్ని పిలుస్తారు, లేదంటే గేదెల పాక మీదికి. బిషప్పుల వైపు లోపలికి పెడతారు, రంగు ఎండకి పోకుండా. అది మంచి పనే, వెక్కిరించడం లేదు. గింజ తడవకుండా కాపాడిన రోజున మీ వల్ల ఒక కుటుంబానికి నిజమైన ఆదరణ దొరుకుతుంది.

రేపెప్పుడో నాకూ ఒకటి కడతారు కదా అని, పాలకొల్లులో మిమ్మల్ని పుట్టించే కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. కంప్యూటర్లో పరలోకం ఫోల్డరు తీసి చూపించాడు. అవే మెట్లు, అదే పావురం. నాకు మెట్లు వద్దు, గేటు వద్దు, కింద తలకాయల వరస అసలొద్దు, పౌలు మాట ఒక్కటి పెద్దక్షరాల్లో వేస్తే చాలన్నాను. ‘మరీ ఖాళీగా ఉంటుందండి, జనం డబ్బులు మిగుల్చుకున్నారంటారండి,’ అన్నాడు. అననీ అన్నాను. సరేనని టైపు చేశాడు. అక్షరాలు పెంచాడు, తగ్గించాడు, తల గోక్కున్నాడు.

‘ఈ లైను ఇంత పెద్దగా వేస్తే ఎమ్మెల్యే గారు పట్టటం లేదండి.’

‘అయితే తీసెయ్యి.’

‘ఏదండి, లైనా?’

ఇట్లు,
షామియానా కింద మూడో వరసలో కూర్చున్న మీ పాఠకుడు