కడబంతికి మొదటి వడ్డన

నవంబరు వచ్చేసరికి మా పక్కింటి పెద్దాయన ముఖంలో ఒక వెలుగు కనిపిస్తుంది. ఏప్రిల్‌లో ఆ వెలుగు ఉండదు. జూలైలో అయితే అసలే ఉండదు. ఆయనకు రోగమేమీ లేదు. ఆయన కార్ల్‌టన్ అనే ఫుటీ క్లబ్ అభిమాని, అంతే. కార్ల్‌టన్ ఆఖరుసారి కప్పు గెలిచింది 1995లో. అప్పటికి ఉయ్యాల్లో ఉన్న ఆయన కొడుక్కి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత క్లబ్ గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లింది ఒకే ఒక్కసారి, 1999లో. అదీ ఓడిపోయింది. అయినా నవంబరులో మనిషి వెలిగిపోతాడు. ఎందుకంటే నవంబరు అంటే డ్రాఫ్ట్.

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఇక్కడ ఫుటీ అంటే సాకర్ కాదు. కోడిగుడ్డు లాంటి బంతి, కోలగా ఉండే మైదానం, జట్టుకు 18 మంది, ఒక్కో చివర నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. తప్పు జవాబుకు కూడా మార్కు వేసే ఆట మీద నాకు మొదటి నుంచీ గౌరవమే. ఆ ఒక్క పాయింటును గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇక డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ను తలకిందులు చేసి చూడండి. మన దగ్గర మొదటి ర్యాంకు పిల్లవాడు మంచి కాలేజీని ఎంచుకుంటాడు. ఇక్కడ అందరికంటే చెత్త ఫలితాలు తెచ్చుకున్న కాలేజీ, మొదటి ర్యాంకు పిల్లవాణ్ణి ఎంచుకుంటుంది. పిల్లవాడికి నోరు లేదు. పట్టికలో అడుగున నిలిచిన జట్టుకు చెక్క గరిటె వచ్చిందంటారు. అది నిజం గరిటె కాదు, మాట వరస గరిటె. ఆ గరిటె వచ్చినవాళ్లకే తొలి పిక్కు, అంటే అందరికంటే ముందు ఎంచుకునే వంతు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలన్నారు. ఈ ఫుటీ లీగ్ (ఏఎఫ్ఎల్) ఇంకో అడుగు ముందుకేసి, కడబంతిలో కూర్చుంటేనే మొదటి వడ్డన అంది. 1986 నుంచీ ఇదే పద్ధతి.

ఈ తొలి పిక్కుల వల్ల క్లబ్బులకు ఒరిగేదేమిటని ఈ మధ్య కొందరు లెక్కలు తీస్తున్నారు. ఎన్ని కప్పులొచ్చాయి, ఎన్ని ఫైనల్స్ (సీజన్ చివర పై జట్ల మధ్య జరిగే పోటీలు) ఆడారు అని వేళ్లు మడుస్తున్నారు. పాపం, వాళ్లకు పద్దులు రాయడం రాదు. తొలి పిక్కును కప్పుల ఖాతాలో జమ చేస్తే నష్టమే కనిపిస్తుంది. దాన్ని ఆశల ఖాతాలో జమ చేయాలి. అలా చేస్తే ఆస్ట్రేలియాలో కార్ల్‌టన్ అంత లాభాల్లో నడుస్తున్న సంస్థ మరొకటి లేదని ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేస్తున్నాడు.

అయితే వాళ్ల ప్రయాణం సాఫీగా మొదలవలేదు. 1897 నుంచి లీగ్‌లో ఉన్న ఆ క్లబ్, వందేళ్లు దాటినా ఒక్కసారి కూడా అడుగున నిలవలేకపోయింది. చివరికి 2002లో సాధించింది. చేతికి గరిటె వచ్చింది, ఎదురుగా విస్తరి ఉంది, వడ్డించడమే తరువాయి. సరిగ్గా అప్పుడే ఆటగాళ్ల జీతాల పరిమితి విషయంలో క్లబ్ చేసిన చేతివాటం బయటపడింది. లీగ్ భారీ జరిమానా వేసి, తొలి పిక్కుల్ని లాగేసుకుంది. నోటిదాకా వచ్చిన ముద్ద, బ్రెండన్ గాడర్డ్ అనే కుర్రాడు, సెయింట్ కిల్డా క్లబ్ విస్తరిలో పడ్డాడు. శతాబ్దపు కృషికి దక్కిన ఫలితం అది. ఇంకొకరైతే నిరుత్సాహపడి గెలవడం మొదలుపెట్టేవారు.

కార్ల్‌టన్ అలా చేయలేదు. 2005లో మళ్లీ అడుగు, 2006లో మళ్లీ అడుగు. వరసగా మూడేళ్లు మూడు ఒకటో పిక్కులు: 2005లో మార్క్ మర్ఫీ, 2006లో బ్రైస్ గిబ్స్, 2007లో మాథ్యూ క్రాయిజర్. మూడోదాని కథ కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో రెండేళ్లు వరసగా నాలుగుకు మించి గెలవని జట్టుకు అందరికంటే ముందు ఒక ప్రత్యేక పిక్కు ఇచ్చేవారు. 2007 ఆఖరి రౌండుకు వచ్చేసరికి కార్ల్‌టన్ ఖాతాలో నాలుగు గెలుపులున్నాయి. మెల్‌బోర్న్ అనే క్లబ్‌తో ఆట. గెలిస్తే ఐదు, పిక్కు గోవిందా. ఓడితే ఊళ్లోకెల్లా మంచి కుర్రాడు. జనం ఆ ఆటకు ముందే క్రాయిజర్ కప్ అని పేరు పెట్టేశారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్కూలు చదువులో ఉన్న కుర్రాడి పేర పెద్దవాళ్లు కప్పు ఆడారు. గెలిచినవాడికి శిక్ష, ఓడినవాడికి బహుమతి ఉన్న ఆటను చూడటానికి వచ్చినవాళ్లు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక ఎంత టెన్షన్ పడ్డారో ఊహించుకోండి. కార్ల్‌టన్ ఓడిపోయింది. వాళ్లు శాయశక్తులా ఆడి ఓడారనే నేను నమ్ముతాను. అంత శక్తే వాళ్లకుందని అప్పటికే సీజన్ అంతా నిరూపించారు కదా.

ఆ ఏడాది నిజంగా అడుగున నిలిచింది రిచ్‌మండ్. గరిటె తమదైనా రెండో పిక్కుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో ట్రెంట్ కాచిన్ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. కాచిన్ తర్వాత కెప్టెనై 2017లో, 2019లో, 2020లో కప్పు ఎత్తి పట్టుకున్నాడు. రెండో పిక్కుతో ఇంతకన్నా ఏం ఆశిస్తాం, పాపం.

అదే 2007లో కార్ల్‌టన్ ఒక మహాబేరం చేసింది. పెర్త్ క్లబ్ వెస్ట్ కోస్ట్ నుంచి క్రిస్ జడ్‌ను తెచ్చుకుంది. బదులుగా మూడో పిక్కు, ఇంకో పిక్కు, 2005లో నాలుగో పిక్కుతో తెచ్చుకున్న జోష్ కెనడీని ఇచ్చింది. జడ్ గొప్ప ఆటగాడే, అందులో సందేహం లేదు. 2010లో బ్రౌన్‌లో పతకం కూడా తెచ్చాడు. ఇక్కడి ఆటగాళ్లకు దానికి మించిన వ్యక్తిగత గౌరవం లేదు. అటు కెనడీ వెస్ట్ కోస్ట్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన మనిషయ్యాడు. ఆ మూడో పిక్కుతో వాళ్లు క్రిస్ మాస్టెన్‌ను తీసుకున్నారు. 2018లో ఇద్దరూ కలిసి కప్పు గెలిచారు. కాబట్టి కార్ల్‌టన్ తొలి పిక్కులు ఫలించలేదని అనడం శుద్ధ అబద్ధం. చక్కగా ఫలించాయి. పెర్త్‌లో ఫలించాయి. చెట్టు మన దొడ్లో నాటితే కాయలు పక్కవాడి దొడ్లో రాలాయంటే అది వేరుల తప్పు కాదు కదా.

మర్ఫీ ఆ క్లబ్‌కు సరిగ్గా 300 ఆటలు ఆడి రిటైరయ్యాడు. గిబ్స్ పదకొండేళ్లు ఆడి అడిలైడ్ వెళ్లిపోయాడు. క్రాయిజర్‌ను దెబ్బలు వదల్లేదు. ముగ్గురూ మంచి ఆటగాళ్లు, ముగ్గురికీ ఒక్క గ్రాండ్ ఫైనల్ కూడా దక్కలేదు. తర్వాత 2015లో గరిటె, జేకబ్ వైటరింగ్. 2018లో గరిటె, శామ్ వాల్ష్. పదమూడేళ్ల వ్యవధిలో ఐదు ఒకటో పిక్కులు. 2025 సీజన్ ముగిసేనాటికి గ్రాండ్ ఫైనల్స్ సున్నా. ఇంత నిలకడ ఏ రంగంలోనైనా చూశామా?

ఈ వ్యవస్థను దుర్వినియోగం చేసినవాళ్లు కూడా ఉన్నారు, దాచకూడదు. హాథార్న్ సంగతే తీసుకోండి. 2001లో ఫ్రీమాంటిల్‌కు ట్రెంట్ క్రోడ్, లూక్ మెక్‌ఫార్లిన్ అనే ఇద్దరినిచ్చి, ఒకటో పిక్కు, 20, 36 తీసుకుంది. ఒకటితో లూక్ హాడ్జ్. 36తో శామ్ మిచెల్. 2008లో మిచెల్ కెప్టెన్‌గా కప్పు. హాడ్జ్ నాలుగు కప్పులు. అక్కడితో ఆగినా బాగుండేది. అమ్మేసిన క్రోడ్‌ను రెండేళ్లలోనే తిరిగి తెచ్చుకుని, ఆ 2008 కప్పు జట్టులో అతన్నీ ఆడించారు. గేదెనమ్మి, వచ్చిన డబ్బుతో రెండు గేదెలు కొని, పాత గేదెను కూడా ఇంటికి తోలుకొచ్చినట్టు. ఫ్రీమాంటిల్‌కు నేటికీ కప్పు లేదు. తొలి పిక్కుతో ఏకంగా కప్పులు గెలిచేస్తే ఇక నవంబరులో అభిమాని దేనికోసం ఎదురుచూడాలి? హాథార్న్ వాళ్లకు ఈ సున్నితం తెలియలేదు.

మెల్‌బోర్న్ క్లబ్‌కు తెలుసు. 2008లో మూడు గెలుపులు, 2009లో నాలుగు. ప్రతిఫలంగా 2009 డ్రాఫ్ట్‌లో ఒకటి, రెండు, రెండూ వాళ్లవే. టామ్ స్కల్లీ, జాక్ ట్రెన్‌గోవ్. స్కల్లీ రెండు సీజన్లు ఆడి, సిడ్నీ పడమటి శివార్లలో కొత్తగా పెట్టిన క్లబ్‌కు వెళ్లిపోయాడు. ట్రెన్‌గోవ్‌ను 20 ఏళ్లకే కెప్టెన్ని చేశారు. కాలి ఎముక దెబ్బతిని ఆ కుర్రాడి ఆట చాలాకాలం ఆగిపోయింది. అతని మీద జోకులేయడానికి నాకు మనసు రాదు. ఆ వయసులో నాకు హాస్టల్ మెస్ బాధ్యత ఇస్తేనే జ్వరం వచ్చింది. ఆ ఇద్దరి తర్వాత మూడో పిక్కు డస్టిన్ మార్టిన్ రిచ్‌మండ్‌కు మూడు కప్పులు తెచ్చాడు. మూడు గ్రాండ్ ఫైనల్స్‌లోనూ అతనే మేటి ఆటగాడు. ఇంతకీ 2021లో, 57 ఏళ్ల తర్వాత మెల్‌బోర్న్ కప్పు గెలిచినప్పుడు దాన్ని ఎత్తిన కెప్టెన్ మాక్స్ గాన్ కూడా అదే 2009 డ్రాఫ్ట్‌లో వచ్చినవాడే. ముందున్న మేలిరకం సరుకంతా అయిపోయాక, 34వ పిక్కుతో.

ఆ 2009 సీజన్‌లో కావాలని ఓడారా అని లీగ్ విచారణ జరిపింది. 2013 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. క్లబ్ కావాలని ఓడిపోలేదు. జరిమానా ఐదు లక్షల డాలర్లు. అప్పటి కోచ్‌కూ, ఒక అధికారికీ సస్పెన్షన్. దొంగతనం జరగలేదు, అయినా సొమ్ము కట్టు అన్న తీర్పు మా ఊరి రచ్చబండ మీద కూడా వినలేదు. ధర్మశాస్త్ర విద్యార్థులు దీన్ని పాఠంగా పెట్టుకోవచ్చు.

2015లో లీగ్ ఒక్కో పిక్కుకూ వెల కట్టింది. తండ్రి ఆడిన క్లబ్‌కే కొడుకు వెళ్లే సౌకర్యం ఇక్కడ ఉంది (వారసుల సంగతి మనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు). ఆ కొడుకులకు ధర కట్టడానికి ఆ పట్టిక. అప్పట్లో ఒకటో పిక్కుకు 3000 పాయింట్లు. రెండుకు 2517. మూడుకు 2234. అలా దిగుతూ దిగుతూ 58కి 170. ఆ 58తో 2001లో కాలింగ్‌వుడ్‌కు వచ్చిన డేన్ స్వాన్ బ్రౌన్‌లో గెలిచాడు. 2011లో అదే 58తో ఫ్రీమాంటిల్‌కు వచ్చిన లాకీ నీల్ తర్వాత బ్రిస్బేన్‌కు మారి రెండుసార్లు గెలిచాడు. 73తో అప్పటి పట్టిక ముగిసిపోయేది, ఆపైన విలువ సున్నా. 1990లో జేమ్స్ హర్డ్‌ను ఎసెండన్ ఎన్నో పిక్కుతో తీసుకుందో తెలుసా? 79. అతనూ బ్రౌన్‌లో గెలిచాడు, రెండు కప్పులూ గెలిచాడు. పట్టిక తప్పని నేననను. హర్డ్ దాన్ని చదువుకోలేదు, అంతే.

దీర్ఘకాలిక పెట్టుబడి అంటే ఏమిటో నేర్పింది మాత్రం గోల్డ్ కోస్ట్. 2011లో లీగ్‌లో అడుగుపెట్టబోయే కొత్త జట్టని, 2010 డ్రాఫ్ట్‌లో మొదటి మూడు పిక్కులూ వాళ్లకే ఇచ్చారు, ఇంకా బోలెడు ఇచ్చారు. వాళ్లలో ఇద్దరు, టామ్ లించ్, డియాన్ ప్రెస్టియా, రిచ్‌మండ్‌కు వెళ్లి కప్పులు గెలిచారు. (రిచ్‌మండ్‌కు ఈ వ్యాసంలో ఇన్నిసార్లు రావడం మర్యాదేనా?) ఒకటో పిక్కు డేవిడ్ స్వాలో మాత్రం కదల్లేదు. ఏళ్లు గడిచాయి, కోచ్‌లు మారారు, జట్టు ఒక్కసారి కూడా ఫైనల్స్ గడప తొక్కలేదు. ఆఖరికి 2025లో, స్వాలో ఆట చాలించబోతున్న ఏడాది, తొక్కింది. పెర్త్‌లో ఫ్రీమాంటిల్‌తో ఆట. చివరి నిమిషాలు, స్కోర్లు సమానం. బంతి స్వాలో కాలికి వచ్చింది. తన్నాడు. గురి తప్పింది.

పక్క సందులోంచి పోయింది. ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటుతో గోల్డ్ కోస్ట్ గెలిచింది.

2010లో వేసిన డిపాజిట్‌కు 2025లో వచ్చిన వడ్డీ: ఒకటి. ఏ బ్యాంకైనా ఇంత ఖచ్చితంగా చెల్లించిందా? ఈ సంగతి పక్కింటాయనకు చెబితే పెద్దగా నిట్టూర్చి, "అదృష్టవంతులు, ఒకటైనా వచ్చింది" అన్నాడు.

ఆయనకు ఆ చలికాలం బాగా గడవలేదు. చార్లీ కర్నో వెళ్లిపోతాడన్న వార్తలు వస్తున్నాయి. 2015లో 12వ పిక్కుతో వచ్చినవాడు కర్నో. 2022లో, 2023లో లీగ్ మొత్తానికీ అత్యధిక గోల్స్ వీరుడు. కార్ల్‌టన్ తొలి రౌండు పిక్కుల్లో కార్ల్‌టన్‌లోనే కాయలు కాసిన అరుదైన చెట్టు. తనే వెళ్తానన్నాడు, అక్టోబరులో సిడ్నీకి వెళ్లిపోయాడు. బదులుగా ఒక ఆటగాడు వచ్చాడు, కొన్ని తొలి రౌండు పిక్కులు వచ్చాయి. కాపుకొచ్చిన మామిడిచెట్టునిచ్చి టెంకలు తెచ్చుకున్నారన్న మాట.

పరామర్శకని వెళ్లాను. ఆయన వరండాలో కళ్లజోడు పెట్టుకుని, ఫోనులో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల వీడియోలు చూస్తున్నాడు. సభ్యత్వం అప్పుడే రెన్యూ చేయించాడట. మనవలిద్దరికీ కూడా. నన్ను కూర్చోమని, ఫోను నా వైపు తిప్పి, ఎవరో పొడుగాటి కుర్రాడు ఎగిరి బంతి పట్టడం చూపించాడు.

ముఖం వెలిగిపోతోంది.