ముఖానికో పహాణీ

మొన్న నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సులో నా మీద ఒక విచారణ జరిగింది. 2023 డిసెంబర్ 9 నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతారు. చూపించాను. కండక్టరుకు పాతికేళ్లు కూడా ఉండవు. కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. "అమ్మా, మీ బిడ్డ కార్డు గిట్ల తెచ్చిన్రా ఏంది?" అని చాలా మర్యాదగా అడిగాడు.

ఆ ఫొటో దిగి పన్నెండేళ్లయింది. ఆధార్ ఫొటోలో కంటే బయట అధ్వాన్నంగా కనిపించడం ఈ దేశంలో ఎవరికీ సాధ్యం కాదనుకునేదాన్ని. పోనీ అక్కడితో ఆగాడా? పక్కన కూర్చున్న మా ఆయన వైపు తిరిగి "అన్నా, నీకెక్కడికి?" అన్నాడు. నేను ఆయనకంటే అయిదేళ్లు చిన్న. నేను అమ్మ, ఆయన అన్న. ఆ పిల్లగాడి లెక్క ప్రకారం నేను మా ఆయనకు తల్లినయ్యాను. ఆయన మాత్రం ఆ అరవై కిలోమీటర్లూ మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

బస్సు దిగేలోపే నాకు ఒకటి తేలిపోయింది. ముఖం మీది ముడతలను అందం సమస్యగా చూసినంత కాలం దీనికి దారి దొరకదు. ఇది రెవెన్యూ సమస్య.

మా నాయిన పట్వారీ, ఊరి భూముల లెక్కలు రాసే ఉద్యోగి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా మా ఇంట్లో అన్నం గిన్నెల కంటే పహాణీలే, అంటే భూమి రికార్డు పుస్తకాలే ఎక్కువ. పహాణీలో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకొక గడి ఉండేవి. భూమి ఎవరిది, దాన్ని దున్నుకుంటున్నది ఎవరు అన్నది ఆ రెండు గళ్లు కలిపి చదివితేనే తెలిసేది. ఇప్పటికీ గెట్టు పంచాయితీ వస్తే మా దగ్గర జనం 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

ఆడమనిషి ముఖానికి కూడా అటువంటి రికార్డు ఒకటి ఉండాలని నా ప్రతిపాదన. ముఖానికి పట్టాదారు ఆమే, అందులో తకరారు లేదు. రెండో గడి ఎవరూ నింపలేదు కాబట్టే కండక్టర్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఆడపడుచులు అందరూ పట్టాదారునే నిలదీస్తున్నారు.

నమూనాగా నా రికార్డు నేనే రాసుకున్నాను. సర్వే నంబర్ 1, నొసలు. అడ్డగీతలు మూడు. నాలుగు బోర్లు వేస్తే మూడు ఫెయిలయ్యాయి, గీతలూ మూడే, లెక్క సరిపోయింది. సర్వే నంబర్ 2, కనుబొమ్మల నడుమ నిలువు గీతలు రెండు. 2/అ అనుభవదారు మా ఆయన, ముప్పై ఏళ్ల నిరంతర సాగు. పన్నెండేళ్లు కబ్జాలో ఉంటేనే హక్కు అడిగే చట్టమున్న దేశంలో ఆయనను ఖాళీ చేయించడం నా వల్ల కాదు. 2/ఆ మా పెద్దోడిది, లాంగ్‌టర్మ్ కోచింగ్ నాటిది. సర్వే నంబర్ 3, ముక్కు పక్క నుంచి నోటి మూలల దాకా రెండు లోతు గీతలు. ఇష్టం లేని పెళ్లిళ్లలో నవ్వు మొహం పెట్టుకుని నిలబడటం వల్ల వచ్చాయి. ఇది మా అత్తగారి వైపు ఉమ్మడి ఖాతా, పంపకాలు కాలేదు.

చర్మం డాక్టర్లు దీనికి ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో ముడతలకు పెద్ద అనుభవదారు సూర్యుడు. ఆ తర్వాత వయసు. నెలసరి ఆగిపోయిన మొదటి అయిదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ దాదాపు 30 శాతం పోతుందంటారు. నోటీసు లేకుండా 30 శాతం భూమి పోతే ఏ ఊరి రైతులైనా రోడ్డెక్కేవాళ్లు. మేము ఫేషియల్‌కు పోతాం.

పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలో తిరగొద్దని కూడా సలహా ఉంది. మా పొలంలో నాట్లేసే వాళ్లకు చెప్పి చూశాను. "పదింటి దాంక వంట, నాలుగు దాటినంక మళ్ల వంట. నడుమ నాట్లెవరేస్తరక్కా, నీ డాక్టరా?" అన్నారు. ఆ ముఖాల రికార్డు రాయాలంటే అనుభవదారు గడిలో సూర్యుడొక్కడే చాలడు, మేస్త్రీ, ఆసామి కూడా కావాలి.

డబ్బున్నవాళ్లకు హైదరాబాద్‌లో సూది ఉంది. బొటాక్స్. ఒక బ్యాక్టీరియా విషాన్ని చిటికెడు కంటే తక్కువ తీసుకుని, నరం చెప్పిన మాట కండరానికి అందకుండా చేస్తారు. మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. అంటే ఒక పంట కౌలు. గడువు తీరగానే పాత కాస్తుదారులే మళ్లీ వచ్చి కూర్చుంటారు. నాకు ఇంకో భయం కూడా ఉంది. కోపం వచ్చినా కనుబొమ్మలు ముడిపడవట. మా ఇంట్లో నా కోపానికి ఉన్న ఒకే ఒక సైన్‌బోర్డు అది. దాన్నీ పీకేస్తే ఆయనకు ఏ సంగతీ తెలిసే దారి ఉండదు.

కొందరు చెల్లెండ్లు డాక్టరు చీటీ లేకుండా ట్యూబులు తెచ్చి పూస్తున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటే వారంలో మెరుపు, తర్వాత చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది. యూరియా ఎక్కువైన వరి చూడలేదా? ముందు నిగనిగలాడి తర్వాత పడిపోతుంది. 2018లో ఇటువంటి క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చారు. యూరియాకు లైన్‌లో చెప్పులు పెట్టే మాకు రూలొక లెక్కా.

పాలమూరులో పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటారు. 2017 చివర్లో కొమ్మ విరిగిపడితే, చెదలు పట్టిందని తేల్చి, మరుసటి ఏడు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. వాలిపోయిన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. అంత సేవ చేసినవాళ్లలో ఒక్కరైనా బెరడు నున్నగా చేయమని అడగలేదు. దాని ముడతలు చూడటానికి జనం టికెట్ కొనుక్కుని పోతారు. నాది జీరో టికెట్.

ఇదే ముఖానికి మండలాఫీసులో వేరే ధర. 57 ఏళ్లు నిండితే నెలకు 2,016 రూపాయల పింఛన్. మా వాడకట్టులో ఒక వదినె పెళ్లిళ్లలో నలభై ఎనిమిది దాటదు, పింఛన్ దరఖాస్తు దగ్గర యాభై ఏడు నిండి రెండేళ్లయింది. అక్కడ మాత్రం ముఖం వెలుతురుకు తిప్పి, "చూడుండ్రి సారూ, ఈ ముడుతలు" అని సాక్ష్యంగా పెడుతుంది. సారు ముఖం చూడడు, ఆధార్ చూస్తాడు. ఆధార్ ప్రకారం మా వాడలో సగం మంది జనవరి 1న పుట్టారు.

నల్లగొండ జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి వైపు మాత్రం నా నమూనా పనిచేయలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లుండేది. పెళ్లయి వచ్చి, ఆ నీళ్లే తాగి, నడివయసు రాకముందే నడుము వంగి అవ్వలైన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల రికార్డులో రెండో గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఈ పేరా మీద వ్యంగ్యం నాకు చేతకాదు, వదిలేస్తున్నాను.

నా రికార్డు ఫెయిర్ కాపీ రాసి మా ఆయనకు చూపించాను. మొత్తం చదివాడు. 2/అ మీద వేలు పెట్టి, "ఈ గీత నాది కాదు, మీ తమ్ముడు అప్పు తీసుకుపోయిన ఏడు పడ్డది" అని అక్కడికక్కడే అప్పీలు వేశాడు. వాయిదాలొద్దు, అద్దం ముందు నిలబడి ఇప్పుడే కొలుద్దాం రమ్మన్నాను.

అరగంట ఆగమన్నాడు. అద్దం ఖాళీ లేదట. తలకు వేసిన రంగు ఇంకా ఆరలేదు.